బయల్దేరడం నేర్పే కోడలు

"సెట్ ఆఫ్ అంటే బయల్దేరడం. హెడ్ ఫర్ అంటే ఫలానా చోటికేసి సాగడం. మేక్ ఫర్ కూడా దాదాపు అంతే, కాకపోతే తొందర ఎక్కువ."

పడకగదిలో ఇస్త్రీబల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కోడలు పాఠం చెబుతోంది. తెర మీద ఇంగ్లీషు నేర్చుకుంటున్న నర్సమ్మ నవ్వింది. "మేడమ్, ముస్తాబు బ్రహ్మాండంగా ఉంది. మీరెక్కడికి సెట్ ఆఫ్?"

"ఇంటర్వ్యూకి," అంది కోడలు, గొంతు తగ్గించి.

ఇంగ్లీషు నేర్పే ఒక శిక్షణ సంస్థవాళ్ళు పదకొండింటికి రమ్మన్నారు. పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళిన అత్తగారు తిరిగొచ్చి గ్రిల్ తాళం తీస్తే గానీ కాలు బయటపెట్టే దారి లేదు. మతిమరుపు ముదిరిన మామగారు సందు దొరికితే చాలు వీధిలో పడతారు. లోపల తాళంచెవి ఎక్కడ దాచినా పట్టేస్తారు. అందుకని ఆ ఇంట్లో బయటికెళ్ళేవాళ్ళే గ్రిల్‌కి తాళం వేసి, చెవి పట్టుకుపోవడం రివాజు.

పాఠం అయిపోయింది. అత్తగారు రాలేదు. కోడలు శిక్షణ సంస్థకి ఫోన్ చేసి, వీడియోలో మాట్లాడొచ్చా అని అడిగింది.

"వీడియోలో చెప్పేవాళ్ళు మాకు బోలెడంతమంది ఉన్నారమ్మా," అంది అక్కడి పెద్దావిడ. "రోజూ ఇల్లు కదిలి వచ్చేవాళ్ళు కావాలి. ఇవాళ రాలేకపోతే ఇంకొకరిని చూసుకుంటాం."

భర్తకి చేస్తే, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్? అమ్మ వచ్చేస్తుందిలే," అని పెట్టేశాడు.

ఇక లాభం లేదని తాళాలు తీసే అతన్ని పిలిచింది. అతను గ్రిల్ బయట నిలబడి ఎగాదిగా చూశాడు.

"ఇంటివాళ్ళేరమ్మా?"

"నేనే."

"మీరు లోపలున్నారు కదా! బయట ఇరుక్కున్నవాళ్ళకే నేను తాళం తీస్తా. తాళం వేసినోళ్ళు చెప్పాలి. లేకపోతే రేపు నా మెడకి చుట్టుకుంటుంది."

కోడలు అత్తగారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. అవతల నోటినిండా దూది. సంగతంతా విని, "ఊఁ," అంది అత్తగారు.

"ఊఁ అంటే పగలగొట్టమనా, వద్దనా?" అన్నాడతను.

దూది తీసేసిన చప్పుడు. "పగలగొట్టు నాయనా. కానీ అమ్మాయ్, నా పన్ను పని అవడానికి ఇంకా చాలాసేపు పట్టేట్టుంది. అంతదాకా మీ మామగార్ని ఎవరు కనిపెట్టుకుంటారు?"

సుత్తి గాల్లోనే ఆగింది. కోడలు వెనక్కి తిరిగి చూసింది. మామగారు అప్పటికే ఆమె భుజం పక్కన నిలబడి, తాళం ఎప్పుడు ఊడుతుందా అని చిన్నపిల్లాడిలా చూస్తున్నారు.

"నాతో తీసుకెళ్తానత్తయ్యా."

"ఉద్యోగానికి మామగార్ని వెంటేసుకుని వెళ్తావా? నవ్విపోతారే!"

"నవ్వనివ్వండి."

"ఆయనకి చొక్కా మార్చు," అంది అత్తగారు చివరికి.

తాళం ఊడింది. కొత్తది బిగించి రెండు చెవులూ అతనందిస్తే, ఒకటి అత్తగారికిమ్మని పొరుగావిడ చేతిలో పెట్టి, ఒకటి కోడలు తన సంచిలో వేసుకుంది. మామగారి మణికట్టు వదలకుండానే టాక్సీ ఆపింది. ఆయన్ని ముందు ఎక్కించింది.

"ఎక్కడికండీ?" అన్నాడు డ్రైవరు.

మామగారు తాను ఎప్పుడో రిటైరైన ఆఫీసు పేరు ఠకీమని చెప్పారు. డ్రైవరు అటే తిప్పబోయాడు.

"ముందు నేను చెప్పే చోటికి పోనివ్వు బాబూ," అంది కోడలు, ఆయన పక్క తలుపు గడియ మీద చెయ్యి వేసి.