బీరువా తలుపు మీద పాఠం

మా అమ్మాయికి హైస్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి నాకు స్థిమితం లేదు. మూడు నెలలు చూసి, పిల్లలు దారికొస్తేనే ఉంచుకుంటామన్నారు. రాకపోతే? ఉద్యోగం పోతుంది, దిగులుతో తిండి మానేస్తుంది, మంచం పడుతుంది. వాళ్ల నాన్న పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. నా ఆలోచన ఎటు బయల్దేరినా ఆసుపత్రి మెట్ల దగ్గరే ఆగుతుంది.

తొమ్మిదో తరగతి, నలభై మంది. అల్లరైనా చెయ్యరట. బల్ల మీద తల వాల్చి కిటికీలోంచి చూస్తుంటారట. వెనక బల్లలో ఒక పిల్లకి తోటివాళ్లే నిద్రగన్నేరు అని పేరు పెట్టారు.

"గోడకి చెప్పినట్టుందమ్మా. గోడే నయం, ఆవలించదు."

"ఆవలింతలు అంటుకుంటాయే. నువ్వూ నిలబడే కునికి, తల బల్లకి తగిలిందనుకో..."

"అమ్మా!"

అప్పట్నించి రోజూ సాయంత్రం మర్నాటి పాఠం ముందు నాకు చెప్పడం మొదలుపెట్టింది. బీరువా తలుపే నల్లబల్ల. నేను మంచం మీద బఠాణీలు ఒలుస్తూ వినేదాన్ని. "అర్థమైందా?" అంటే తల ఊపేదాన్ని.

"ఏడో తరగతితో మానేసినదానివి, నీకే అర్థమైతే వాళ్లకేం రోగం?" అనేది. మర్నాడు అదే పాఠం, అవే మాటల్లో వాళ్లకి చెప్పేది.

నాకు ముక్క అర్థమయ్యేది కాదు. కానీ రోజంతా ఎవరూ వినని పిల్ల. నేనూ వినకపోతే ఏమైపోతుంది? గంగిరెద్దులా తల ఊపేదాన్ని. పైగా, ఆ గంటసేపే మా ఇంట్లో మాట వినపడేది.

మూడో నెలలో హెడ్‌మిస్ట్రెస్ వచ్చి క్లాసులో వెనక కూర్చుంది. వెళ్తూ, "శుక్రవారం మళ్లీ వస్తాను. ఒక్క చెయ్యైనా పైకి లేవాలి" అందట.

ఆ సాయంత్రం తలుపు నిండా రాసి, "అర్థమైందా అమ్మా?" అని అడిగింది. ఊగబోయిన నా తల ఆగింది. శుక్రవారం దాని ఉద్యోగం ఊడితే, ఊడగొట్టింది ఈ తలే.

"లేదే" అన్నాను.

"ఏది?"

"అంకెల మధ్య ఆ ఎక్స్ ఎందుకొచ్చిందో. ఏడో తరగతిలోనూ అక్కడే ఆగిపోయాను. అందరూ తల ఊపారని నేనూ ఊపాను."

"మరి ఇన్నాళ్లూ?"

"నువ్వు బాధపడతావని..."

సుద్దముక్క కిటికీలో పెట్టి గదిలోకి వెళ్లిపోయింది. అన్నం తినలేదు. అనుకున్నంతా అయిందనుకున్నాను.

మర్నాడు సంచి నిండా చీటీలతో వచ్చింది. "పాఠం చెప్పలేదమ్మా. పేరు రాయకుండా, ఎక్కడ అర్థం కావడం ఆగిపోయిందో రాయమన్నాను. మా అమ్మే నాకు మూడు నెలలు అబద్ధం చెప్పిందన్నాను."

"నా పరువు బజారున పడేశావా!"

"నవ్వారమ్మా. మొదటిసారి."

చీటీలు చదివాం. సగానికి పైగా ఏడో తరగతే. ఒకదాంట్లో, "మీ అమ్మగారు ఆగినచోటే" అని ఉంది.

అమ్మాయి నా బఠాణీలు కొన్ని తీసి, నేను చూడకుండా గిన్నె బోర్లించింది. పక్కన మూడు గింజలు పెట్టింది. "మొత్తం తొమ్మిది. గిన్నె కింద ఎన్ని?"

"ఆరు."

"ఆ గిన్నె పేరే ఎక్స్."

"ఇంతేనా!" అన్నాను. యాభై ఏళ్లొచ్చాయి నాకు.

శుక్రవారం గిన్నె, బఠాణీలు పట్టుకెళ్లింది. ఏ పిల్లైనా గింజ ముక్కులో పెట్టుకుంటుందేమోనని సాయంత్రం దాకా గుమ్మంలోనే నిలబడ్డాను. నవ్వుకుంటూ వచ్చింది. చెయ్యెత్తింది నిద్రగన్నేరట. "మేడం, గిన్నె కింద ఏమీ లేకపోతే?" అని అడిగిందట. హెడ్‌మిస్ట్రెస్ అక్కడికక్కడే ఉద్యోగం ఖాయం అంది.

ఇప్పుడు బడి వదిలాక కూడా పిల్లలు కదలరట, అడగడానికి. అమ్మాయి వచ్చేసరికి దీపాలు పెట్టేస్తారు. వస్తూనే నాలుగు మెతుకులు తిని నోటుపుస్తకాలు ముందేసుకుంటుంది. ముందుగా నాకు చెప్పి చూసుకోవాల్సిన పని లేదు. బీరువా తలుపు నేనే తుడిచాను. సుద్దముక్క కిటికీలోనే ఉంది. బఠాణీలు ఒలవడం తొందరగా అయిపోతోంది.

నిన్న పుస్తకంలోంచి తలెత్తి, "ఒక్కదానివీ ఉంటున్నావు, పొద్దుపోతోందా అమ్మా నీకు?" అంది.

తల ఊపాను.