తల దువ్వుకోవద్దన్న రోజు

"ఇయ్యాల తల దువ్వకు," అంది సింహాచలమ్మ, కోడలి చేతిలోని దువ్వెన లాక్కుని. "తానం కూడా సెయ్యకు. ఆ మాసిపోయిన పచ్చసీర కట్టుకో. ఆపీసులో ఆలేటి అడిగినా నోరిప్పకు. నేలసూపులు సూస్తా నిలబడు. అంతే. అదేటంత కష్టమైన పనేటి?"

చూశారా చోద్యం! రోజూ తల దువ్వుకోనందుకే తిట్లు తినే మనిషి సన్యాసమ్మ. "మొగుడితో పాటు నీ సేతులు కూడా కాలిపోనాయేటే?" అని ఇదే అత్త, ఇదే గుమ్మంలో నిలబడి అడిగేది. ఏడాదిగా జుట్టు చిక్కు తీసుకోవడమంటే సన్యాసమ్మకు బండరాయి దొర్లించినంత పని. అలాంటిది ఆ వేళ ఏ దేవుడు కరుణించాడో, లేవగానే తల దువ్వుకోవాలనిపించింది. తనంతట తనకే అనిపించింది. సరిగ్గా ఆ వేళే వద్దన్నారు.

ఆ వేళ కార్పొరేషన్ ఆఫీసులో విచారణ. తాతల నాడే బెంగాలీల ఊరికి వలసొచ్చిన ఇల్లు వాళ్ళది. సన్యాసమ్మ మొగుడు వెంకటేశు కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చేవాడు. కిందటేడు వానాకాలంలో పచ్చకామెర్లొచ్చి పోయాడు. ఉద్యోగంలో ఉండగా పోతే ఆ ఉద్యోగం ఇంట్లోవాళ్ళకిస్తారు, ముందు పెళ్ళానికి. ఈ పెళ్ళామేమో భవానీపూర్‌లోనే ఒక నర్సింగ్ హోములో నర్సు. చీపురు పట్టాలన్న కోరిక ఆమెకు ఏ కోశానా లేదు. "నాకొద్దు మావా, పెద్దిరాజుకే ఇమ్మని రాసిచ్చెస్తాను" అని పన్నెండో రోజు వెళ్ళగానే, అదే కార్పొరేషన్లో చేసి రిటైరైన మామ గురువులుతో చెప్పేసింది. అక్కడితో అయిపోవలసిన మాట. అవలేదు. పెళ్ళాం వద్దంటే చాలదట. తమ్ముడికి రావాలంటే ఆ పెళ్ళాం ఏ పనికీ పనికిరానిదై ఉండాలి, ఆమెను ఆ తమ్ముడే పోషిస్తూ ఉండాలి. యూనియన్ శ్యామల్ దాదా టీ తాగుతూ చెప్పిన మాట ఇది. మరి పనికిరానిదెలా అవుతుంది? "ఆ మాత్రలేవో మింగుతాది కదా, పిచ్చిదని రాయించీండి" అంది సింహాచలమ్మ, అంత తేలిగ్గానూ.

కాగితం తయారైపోయింది. శ్యామల్ దాదాకు తెలిసిన డాక్టరెవరో, సన్యాసమ్మ మొహం కూడా చూడకుండా, ఈమెకు మతిస్థిమితం లేదని రాసిచ్చాడు. మరిది ఆమెను కూర్చోబెట్టి పోషిస్తున్నాడని గురువులు అర్జీ పెట్టాడు. పోషించడమట! పెద్దిరాజనే ఆ పెద్దమనిషి నిద్ర లేచేది పదింటికి. లేవగానే "ఒదినా, టీ" అంటాడు. అప్పటికి ఆ ఒదిన కుళాయి దగ్గర కొట్లాడి నీళ్ళు పట్టి, వండి, మామకు అన్నం మూతపెట్టి, ఉదయం డ్యూటీకి వెళ్ళి నాలుగు గంటలవుతుంది. అంచేత ఆ టీ కూడా ముందే పెట్టి ఫ్లాస్కులో పోసి వెళ్ళాలి. చల్లారితే సాయంత్రం మళ్ళీ మాట పడాలి.

జబ్బున్న మాట నిజమే. ఎవరూ చెప్పకముందే సన్యాసమ్మకు తెలుసు, నర్సు కదా. ఇది మొగుడు పోయిన దుఃఖం కాదు, మొగుడుండగానే మొదలైంది. వెంకటేశు చెడ్డవాడని అనలేం, మంచివాడని అనడానికీ నోరు రాదు. పన్నెండు గంటల డ్యూటీ చేసి వస్తే "నర్సువే కదా, నా కాళ్ళు కూడా పట్టు, నాను పేషెంటునే" అని నవ్వేవాడు. అది సరసమనుకునేవాడు పాపం. కడుపు పండలేదని అత్త ఎత్తిపొడిస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. అలా ఎప్పుడో ఒక రోజు బియ్యం కడుగుతూ కడుగుతూ, ఎన్నిసార్లు కడిగిందో తెలియక అలాగే ఉండిపోయింది. ఇంకో రోజు బస్సు స్టాపులో నిలబడి, కాలెత్తి ఎక్కాలనిపించక మూడు బస్సులు వదిలేసింది. ఏడుపు రాలేదు. వస్తే బావుండేది. ఒంటి మీద తడిగోనె కప్పి, దాంతోనే వంట చెయ్యమన్నట్టుండేది. చచ్చిపోతే బావుణ్ణు అన్న మాట మనసులో ఎలా తిరిగేదంటే, ఉప్పు అయిపోయింది తేవాలి అన్నంత మామూలుగా తిరిగేది. అదే ఆమెను భయపెట్టింది. ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా సర్కారు ఆసుపత్రికి వెళ్ళి వరసలో నిలబడింది. అక్కడి డాక్టరమ్మ బెంగాలీలో నెమ్మదిగా అడిగింది, విన్నది, మాత్రలు రాసింది. "ఇది జబ్బు. నీ తప్పు కాదు" అంది. ఆ రెండో మాటకే సన్యాసమ్మకు అక్కడికక్కడే ఏడుపొచ్చింది.

మాత్రలు పౌడరు డబ్బాలో దాచింది. అత్త కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకుందా? "సచ్చినోడు ఒగ్గలేదు దీన్ని, పట్టుకున్నాడు" అని, మెటియాబ్రుజ్‌లో ఓడరేవు దగ్గరుండే తమ ఊరి భూతవైద్యుణ్ణి రప్పించింది. ఆదివారం పొద్దున్న, మేడ మీద, క్వార్టర్స్ ఆడవాళ్ళంతా చుట్టూ నిలబడి చూస్తుండగా వాడు వేపమండలతో కొట్టాడు. "ఎంకటేశూ, ఎల్లిపోతావా ఎల్లవా?" అని అడిగి కొట్టాడు. ఆఖరికి ఆమే "ఎల్లిపోతాను" అంది, దెబ్బలాగితే చాలని. అందరూ చప్పట్లు కొట్టారు. మామ గురువులు ఆ సేపంతా పిట్టగోడ పట్టుకుని వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు కాగితప్పొట్లంలో మరమరాలు తెచ్చి ఆమె పక్కన పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ఆమె మీద ఎవరికైనా జాలుందంటే ఆయనకే.

ఇక అక్కణ్ణించి ఏ ఎండకా గొడుగు. అంట్లు తోమడానికి లేవలేకపోతే "ఏ పిచ్చీ లేదు, ఒళ్ళుబలుపు" అనేవారు. పండక్కి నలుగురూ వస్తే "దాన్ని ముట్టుకోకండి, మతి లేనిది" అనేవారు. పనున్నప్పుడు పిచ్చి లేదు, కాగితం కావలసొస్తే పిచ్చి ఉంది. ఎంత సదుపాయమైన పిచ్చి!

అలాంటి రోజుల్లో మేజర్ జ్ఞానప్రసూన గారు తల్లిని తీసుకొచ్చి నర్సింగ్ హోములో చేర్పించారు. ఆలీపూర్ మిలిటరీ ఆసుపత్రిలో ఆవిడ నర్సింగ్ ఆఫీసరు. ఏలూరు వైపు మనిషి. తల్లికి సన్యాసమ్మ పక్క మార్చడం చూసి, "చెయ్యి బావుందమ్మా నీది. మా దగ్గరికి రాకూడదూ?" అన్నారు. పెళ్ళయినవాళ్ళని తీసుకోరట గానీ, పిల్లల్లేని వితంతువులు అర్జీ పెట్టుకోవచ్చట.

అది కార్గిల్ యుద్ధం నడుస్తున్న వేసవి. వీధి క్లబ్బులో టీవీ ముందు జనం, పూలదండలేసిన శవపేటికలు, సెల్యూట్లు. సన్యాసమ్మ వెంటనే అడిగింది: "బోర్డరుకి పంపుతారా మేడమ్?" భయపడుతోందనుకుని మేజర్ గారు నవ్వారు. "అంత ముందుకి నర్సుల్ని పంపరమ్మా. ఆసుపత్రుల్లోనే ఉంటాం. ఏం భయం లేదు." సన్యాసమ్మకు ఉసూరుమంది. అలా ఉసూరుమన్నందుకు తన మీద తనకే భయం వేసింది. అంటే ఏమిటి? అక్కడ చస్తే ఎవరూ తప్పనరనీ, పైగా పూలదండ వేస్తారనీ కదా తను ఆశపడింది! ఆ మాట దాచుకోలేదు, డాక్టరమ్మకు చెప్పేసింది. ఆవిడ రాస్తున్న మందుల చీటీ పక్కన పెట్టింది. తర్వాత "చావడం కోసమైతే వెళ్ళకు. ఇంకేదైనా కోసమైతే ఆలోచించు" అంది.

ఆలోచించింది. నెలరోజులు ఆలోచించింది. ఐదింటికి లేవమని ఎవరో చెబుతారు, ఎందుకు లేవాలో తనే వెతుక్కోనక్కర్లేదు. తన పేరు రాసున్న మంచం ఒకటి, తాళం వేసుకునే పెట్టె ఒకటి. సాయంత్రం డ్యూటీ దిగితే నిజంగానే దిగినట్టు, ఇంకో డ్యూటీ గుమ్మంలో కాచుకుని ఉండదు. చావు సంగతి ఆ ఆలోచనల్లో ఎక్కడ జారిపోయిందో ఆమెకే తెలియలేదు. అర్జీ ఫారం తెచ్చి నర్సింగ్ హోము లాకర్లో పెట్టింది. అంతా నింపింది, ఒక్క గడి తప్ప. మానసిక వ్యాధికి ఎప్పుడైనా చికిత్స పొందారా? లేదని రాసెయ్యమంది తోటి నర్సు. మాత్రలు మానేసి లేదని రాద్దామా అని ఆమెకూ అనిపించింది. మూడు రోజులు మానేసింది కూడా. నాలుగో రోజు మళ్ళీ బస్సులు వదిలెయ్యడం మొదలుపెట్టగానే బుద్ధొచ్చింది. ఉందనే రాద్దాం, పనిచేస్తున్నానని కూడా రాద్దాం, తీసుకుంటే తీసుకుంటారు. కానీ ఇంతలో మతిస్థిమితం లేదని కార్పొరేషన్ ముద్ర పడితే, ఇక రాయడానికి ఏముంటుంది? అర్జీకి ఇంకా వారం గడువుంది. విచారణ ఇవాళే.

మెట్రోలో అత్తా మామా వెనక నిలబడితే, పెద్దిరాజు ఆమె మణికట్టు పట్టుకుని నిలబడ్డాడు, మేకను సంతకు తోలుకెళ్తున్నట్టు. విరబోసిన జుట్టూ మాసిన చీరా చూసి పక్క సీటు ఖాళీ అయింది. ఎదురుగా ఉన్నావిడ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. ఆవిణ్ణి సన్యాసమ్మ ఎరుగును. కిందటి నెల్లోనే ఆ పిల్లకు సెలైన్ సూది గుచ్చింది తనే, నొప్పి తెలియకుండా గుచ్చిందని చేతులు పట్టుకుని పొగిడింది ఈ తల్లే. ఇప్పుడు గుర్తుపట్టి చటుక్కున మొహం తిప్పుకుంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని ఊరికే అన్నారా! వేపమండల కంటే అది ఎక్కువ తగిలింది.

ఆఫీసులో విచారణ చేసేది ముఖర్జీ బాబు. వార్డు గుమాస్తాగా చేరి ఎదిగిన మనిషి, ఇంకో ఏడాదిలో రిటైరు. ఫైలు విప్పి, "పేరు?" అన్నాడు. గురువులు చెప్పబోయాడు. "ఆమెను చెప్పనీ." సన్యాసమ్మ నేల చూసింది. మాట్లాడకపోవడం ఎంత సుఖం! ఇలాగే నిలబడిపోతే చాలు. ఇంటికెళ్తే అన్నం పెడతారు, ఇవాళ తిట్టరు కూడా. తడిగోనె మళ్ళీ భుజాల మీదికి జారుతోంది. నిజంగానే, ఆ నిమిషాన ఆమెకు ఒప్పేసుకోవాలనిపించింది.

ముఖర్జీ బాబు కాగితాన్ని కళ్ళద్దాల దగ్గరగా పెట్టుకున్నాడు. "తను ఏ పనికీ పనికిరాదని, ఉద్యోగం మరిదికిమ్మని ఉన్న ఈ సమ్మతి పత్రం మీద వేలిముద్ర ఎవరిది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, గురువులు కుడిచెయ్యి తువ్వాల్లోకి దూరిపోయింది.

"గురువులూ, ఈ వేలు నాకు తెలుసోయ్," అన్నాడు ముఖర్జీ బాబు. "ముప్పైనాలుగేళ్ళు హాజరు పుస్తకంలో చూశాను. పార తగిలి అడ్డంగా తెగిన గాటు. ఈ అమ్మాయి ఏం చేస్తుంది?"

"నర్సును సార్," అంది సన్యాసమ్మ, బెంగాలీలో.

ముఖర్జీ బాబు కుర్చీలో వెనక్కి వాలాడు. నర్సన్నది సంతకం పెడుతుంది గానీ వేలిముద్ర వెయ్యదు; మామ తప్పు అక్కడే ఉంది. ఆయన లెక్కలో ఆఫీసు కాగితమంటే వేలిముద్రే. తనది, తన తండ్రిది, ఇంట్లో ఆడదానిదైతే మరీనూ. కోడలు రోజూ ఇంగ్లీషులో చార్టులు రాస్తుందని ఆయనకు తెలుసు. తెలిసినా తట్టలేదు.

"ఆలోచించి చెప్పు," అన్నాడు ముఖర్జీ బాబు. "ఈ వేలు నీదంటే నీదే, నేను సంతకం చేసేస్తాను. కాదంటే రిపోర్టు రాయక తప్పదు. ముసలాయన పింఛను ఆగిపోతుంది. కేసవుతుంది."

పెద్దిరాజు ఆమె మణికట్టు నొక్కాడు. "నీదేనని సెప్పే, సచ్చినోడి మీద ఒట్టు," అని వెనకనుంచి అత్త. గురువులు తువ్వాల్లోంచి చేతులు తీసి జోడించాడు. "అమ్మా," అన్నాడు. కోడలిగా వచ్చిన ఐదేళ్ళలో ఆమెను అలా పిలవడం అదే మొదలు.

సన్యాసమ్మ ఆ చేతుల వైపు చూసింది. మరమరాలు తెచ్చాడు, నిజమే. దెబ్బలు పడుతుంటే వీధిలోకి చూశాడు, అదీ నిజమే. ఈ చేతులు ఆ రోజు జోడించినా బావుండేది.

"నాకు జబ్బుంది సార్," అంది. "మందు వేసుకుంటున్నాను. డ్యూటీ ఒక్కరోజు మానలేదు. మిలిటరీ ఆసుపత్రికి అర్జీ పెడుతున్నాను. వాళ్ళడిగినా జబ్బుందనే రాస్తాను. తీసుకుంటారో లేదో తెలీదు."

"మిలిటరీకేటి!" పెద్దిరాజు పకాలున నవ్వాడు. "సూసినారా సార్? పిచ్చి కాదా ఇది?"

ముఖర్జీ బాబు నవ్వలేదు. "అదంతా నాకనవసరం. ఈ వేలు నీదా, కాదా?"

ఈ మాటతో ఆ ఇంటి తలుపు మూసుకుపోతుందని ఆమెకు తెలుసు. పడుకోవడానికి చోటు ఎవర్నడగాలో తెలియదు. ముసలాయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆమెకు జాలి వేసింది. చాలా జాలి వేసింది. పెద్దిరాజు పట్టులోంచి చెయ్యి లాక్కుంది.

"నాది కాదు సార్. రిపోర్టు రాయండి," అంది. "కింద సంతకం నేను పెడతాను."