మారలేదు, మార్చారు

రేసు మధ్యలో తెల్లటి పొగ కక్కి ఆగిపోయిన కారును తాడు కట్టి వెనక్కి లాక్కొచ్చేసరికి దాని చుట్టూ జనం మూగారు. కారు నడిపిన బావ హెల్మెట్ తీశాడు. బానెట్ ఎత్తకముందే తీర్పు చెప్పేశాడు.

"వైరింగే. మా మరదలు చేసింది. ఇంట్లోవాళ్ళని మొహమాటానికి పోయి పనిలో పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. కారు యజమాని బేకరీ నడుపుతాడు, నెమ్మదస్తుడు. ఆయన పక్కనే నిలబడ్డ ఆ మరదలివైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. ఆ చూపుతో ఆమె అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని భయపడి, చేతిలోని కటింగ్ ప్లయర్‌ని జేబులో కుక్కుకుని అక్కడినుంచి వచ్చేసింది.

అందరూ ఆమెను వైరమ్మ అంటారు. బావ షెడ్డులో ఏ కారుకు కరెంటు పనున్నా ఆమె చెయ్యి పడాల్సిందే. ఈ కారులో కంపెనీవాళ్ళ కంప్యూటర్ తీసేసి, మనకు కావలసినట్టు మార్చుకోగలిగే కొత్తదాన్ని పెట్టింది ఆమే. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ బిగించింది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో అది పసిగట్టి చెబుతుంది. కంప్యూటర్ ఆ మాట నమ్మి పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. సెన్సర్‌ని వేడిచేసే కరెంటు కొలతలో కలిసి గందరగోళం చెయ్యకూడదని హీటర్ ఎర్తును ఇంజను మీదికి, కొలత తెచ్చే వైరు ఎర్తును నేరుగా కంప్యూటర్‌కి విడివిడిగా లాగింది. ప్రతి జాయింటూ లాగి చూసుకుంది. అలాంటి పనిని చూడనైనా చూడకుండా నలుగురిలో అంత మాటంటాడా!

ఇంటికొచ్చాక అక్క సర్దిచెప్పబోయింది. "ఏదో కోపంలో అన్నారులేవే. ఇంట్లో మాట బయటపెట్టుకుంటామా?"

"బయటపెట్టింది ఎవరక్కా?"

అక్క పొయ్యి మీది కూర కలపడానికి లేచింది.

మర్నాడు షెడ్డులో ఇంజను విప్పారు. ఒక పిస్టన్ నెత్తిన వేలు దూరేంత చిల్లు పడింది. చిల్లు అంచులు మైనంలా కరిగి జారాయి.

"పెట్రోలు చాలక వేడెక్కి కాలిపోయింది," అన్నాడు బావ. "నీ సెన్సర్ అబద్ధం చెప్పింది. చూశావా మరి?"

"చూస్తాను," అంది ఆమె.

మీటరు పెట్టి వైర్లన్నీ ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది. ఎక్కడా తేడా లేదు. అప్పుడు సెన్సర్‌ని గొట్టంలోంచి ఊడదీసి గాలికి పట్టింది. బ్యాటరీ కలిపి, లాప్‌టాప్ తెరిచి, సెన్సర్ వేడెక్కేదాకా ఆగింది. పాలు పెట్రోలుకు ఎన్ని పాళ్ళ గాలో చెప్పే డాష్‌బోర్డు మీది గేజీ ఇరవై చూపించింది; అంకె పెరిగితే పెట్రోలు తక్కువని అర్థం. వట్టి గాలికి అది చూపించాల్సిందీ అంతే. లాప్‌టాప్‌లో మాత్రం ఇరవై రెండు దాటింది. లైటరు వెలిగించకుండా గ్యాసు మాత్రం సెన్సర్ ముక్కు మీదికి వదిలింది. గేజీ పదికి పడిపోయింది. లాప్‌టాప్ ఏడు దగ్గరికి జారింది.

"సెన్సర్ ఒకటే, వైరొకటే. రెండు లెక్కలెలా వచ్చాయి బావా?"

బావ వంగి చూశాడు.

సెన్సర్ పంపేది వోల్టులు. ఎన్ని వోల్టులంటే ఎంత గాలి అన్నది కంప్యూటర్‌కి మనం చెప్పాలి. ఆమె చెప్పింది. ఇప్పుడు తెరమీదున్నది మాత్రం ఆమె రాసిన లెక్క కాదు, వేరే రకం సెన్సర్‌ది. ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు రెండింటికీ పెద్ద తేడా ఉండదు. కాలు అదిమితే మాత్రం పెట్రోలు ఎక్కువైందని కంప్యూటర్ పొరబడుతుంది. ఉన్నదాంట్లోంచి ఇంకా కోస్తుంది.

"ఇందులో ఎవరు చెయ్యి పెట్టారు?"

బావ నీళ్ళు నమిలాడు. "నేనే... మా ఫ్రెండు కారు ఫైలొకటి ఎక్కించా. పికప్ బావుంటుందన్నాడు."

"వాళ్ళ కారులో సెన్సర్ వేరు. నన్నొక్క మాట అడగొచ్చుగా? పోనీ, పరిగెడుతున్నప్పుడు గేజీ చూసినా తెలిసేదిగా?"

"సరేలే, ఇప్పుడు తెలిసిందిగా. వదిలెయ్."

ఆ 'వదిలెయ్' దగ్గర ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అనేటప్పుడు ఊరంతా వినాలి, దిద్దుకునేటప్పుడు గోడలు కూడా వినకూడదు. ఇదెక్కడి న్యాయం?

అంతలో బేకరీ ఆయన లోపలికొచ్చాడు. వెనకే క్యారియర్ పట్టుకుని అక్క.

"ఏమైందంటారు?" అని అడిగాడాయన.

"ఏదో సెట్టింగ్ మారిందండీ," అన్నాడు బావ, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

"మారలేదు," అంది ఆమె. "మార్చారు."

బేకరీ ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. బావ నేలచూపులు చూస్తున్నాడు. అక్క క్యారియర్ బెంచీ మీద పెట్టింది.

"రేసు ముందురోజు లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకుని కూర్చున్నది మీరే కదండీ," అంది మొగుడితో. "అన్నం చల్లారిపోతోందని ఎంత పిలిచినా లేవలేదు. ఆ మాటేదో చెప్పండి."

చెప్పాడు. ఆగి ఆగి చెప్పాడు. ఇంజను తనే బాగుచేసి ఇస్తానని కూడా అన్నాడు. బేకరీ ఆయన ఆమెవైపు తిరిగి, "ట్రాక్ దగ్గర నేనూ నమ్మేశానమ్మా. తప్పే," అన్నాడు. ఆయన మీద ఆమెకు కోపం పోయింది. బావ మీద పోలేదు.

కొత్త పిస్టన్ వేశాక తన లెక్క మళ్ళీ ఎక్కించింది. గేజీ, లాప్‌టాప్ ఒక్క మాట మీదికి వచ్చాక పాస్‌వర్డ్ పెట్టి మూసేసింది. బావ అదేమిటని అడిగితే చెప్పలేదు. షెడ్డులో ఆయన పని గురించి అడిగితే జవాబు చెప్పడం తప్ప మాట్లాడటం మానేసింది. అక్క నచ్చజెప్పే ప్రయత్నం చెయ్యలేదు.

కారు మళ్ళీ ట్రాక్ ఎక్కిన రోజు, పక్క టీములోని మెకానిక్ ఒకడు దూరంనుంచే కేకేశాడు. "ఏం వైరమ్మా, ఈసారైనా సరిగ్గా కట్టావా?"

నలుగురూ నవ్వారు. ఆమె తిన్నగా బావ మొహంలోకి చూసింది. ఆయన హెల్మెట్ పెట్టుకోబోతున్నవాడల్లా ఆగాడు.

"పోయినసారీ సరిగ్గానే కట్టింది," అన్నాడు చివరికి. "ఫైలు మార్చి ఇంజను తగలేసింది నేను."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. ఆ మాట ఆ రోజే అనివుంటే బావుండేదనుకుంది. కిటికీలోంచి వంగి గేజీ వైపు వేలు చూపించింది.

"పదమూడు దాటితే కాలు తియ్యండి," అంది.

ఇన్నాళ్ళకు ఆయనతో ఆమె తనంతట తాను అన్న మొదటి మాట అది.