నాలుగో కిటికీ

కళ్ళు ఆర్పమంటుంది ఫోను. ఆర్పుతుంది గంగాలమ్మ. ఇంట్లో ఆమె కళ్ళు ఆర్పినా తెరిచినా చూసేవాళ్ళు లేరు. ఇది మాత్రం రోజూ అడుగుతుంది. ఫినాయిలుకీ యాసిడుకీ వేలిముద్రలు అరిగిపోయాయి, అందుకని బడిలో ముఖం చూపించి హాజరు వేయించుకోవాలి. ఇవాళ్టితో ఆమె కొలువు ఆఖరు. రేపటినుంచి ఇదే ఫోను నూకాలును అడుగుతుంది.

ఎలమంచిలి వైపునుంచి వచ్చిన కొత్త ఆయా నూకాలు పక్కనే నిలబడి ఉంది. మరుగుదొడ్లు కడిగాక ఫోటో ఎలా తీయాలో, ఎలా పంపాలో గంగాలమ్మ చూపించింది. చీపుర్ల గదీ చూపించింది. పై అరలో మడతపెట్టిన నీలం గౌను మాత్రం చూపించలేదు. నూకాలే చూసింది.

"అదేటి పిన్నీ, సిన్న గౌను?"

"నాదే."

"నీకు సరిపోతాదేటి?" నూకాలు పకపకా నవ్వింది.

గాజువాకలో కొన్నది గంగాలమ్మే. తొడుక్కునేది రెండో తరగతి ధనశ్రీ. వారంలో రెండు మూడుసార్లు, పెద్ద తెర మీద పాఠం అయ్యాక, ఆ పిల్ల కాళ్ళు దగ్గరగా పెట్టుకుని ఈ గదికి వస్తుంది. ఏమీ చెప్పదు. గంగాలమ్మ ఏమీ అడగదు. కాళ్ళు కడిగి, గౌను మార్చి, తడిసినది వెనక తీగ మీద ఆరేస్తుంది. జడ ఊడకపోయినా మళ్ళీ అల్లుతుంది.

టీచరు శ్రీసత్య మంచిది. పిల్లలు తమ బాధలు రాసి వేయడానికి వరండాలో ఒక డబ్బా పెట్టింది. శుక్రవారం చీటీలన్నీ చదువుతుంది. ధనశ్రీ ఒక్కసారీ వేయలేదు. ఆ పిల్లకు పాఠం మీద ధ్యాస లేదనుకుంటుంది టీచరు.

గంగాలమ్మకు తెలుసు. తెర బాగా కనిపించాలని లైట్లు ఆపుతారు. నాలుగు కిటికీలూ మూసేది తనే. చివరి రెక్క మూసుకోగానే చివరి వరుసలో ఆ పిల్ల బెంచీ అంచు పట్టుకోవడం మొదటి వారమే చూసింది. ఒక్క మాట చెబితే చాలు. ఐదు నెలలుగా చెప్పలేదు. చెబితే కిటికీ తెరుచుకుంటుంది. ఆ తర్వాత చీపుర్ల గదికి ఎవరొస్తారు? ఇంత సూటిగా ఆమె ఎప్పుడూ తనను తాను అడగలేదు.

మధ్యాహ్నం హెడ్మాస్టరు శాలువా కప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ధనశ్రీ కొట్టలేదు, గంగాలమ్మ కొంగు పట్టుకుంది.

"రేపొత్తావా ఆయమ్మా?"

"నూకాలమ్మొత్తాది."

"మరి గౌనో?"

గంగాలమ్మ ఆ పిల్ల జడ విప్పి మళ్ళీ అల్లింది.

రెండున్నరకు టీచరు లైట్లు ఆపుతూ, "కిటికీలు, గంగాలమ్మా" అంది.

ఒకటి మూసింది. రెండోదీ, మూడోదీ. నాలుగో రెక్క మీద చెయ్యి వేసి ఆగిపోయింది. వెనక బెంచీ అంచున చిన్న వేళ్ళు బిగుసుకుంటున్నాయి.

టీచరు దగ్గరికి నడిచి చెవిలో చెప్పింది. "ఆ కడాకరి బెంచీ గుంటకి సీకటంటే బయ్యమమ్మా. అందుకే తడుపుకుంటాది. నాకు ఎప్పుడో తెలుసు. సెప్పలేదు."

శ్రీసత్య ఆమెకేసి చూసింది. తర్వాత వెనక బెంచీకేసి. "ఎందుకు చెప్పలేదు?"

గంగాలమ్మ వెనక్కి వెళ్ళి, నాలుగో కిటికీ రెక్కను గోడదాకా తోసి, కొక్కెం పెట్టింది. బెంచీ మీద చారెడు ఎండ పడింది.

పాఠం అయ్యాక ఎవరూ రాలేదు. బడి వదిలేదాకా చూసి, తాళంచెవి నూకాలు చేతిలో పెట్టి, శాలువా సంచిలో కుక్కుకుని గేటు దాటింది. చీపుర్ల గదిలో పై అరమీద నీలం గౌను, పొద్దున పెట్టిన మడతలోనే ఉంది.