సముద్రం చప్పబడిన రోజు

డాక్టరమ్మ ఉప్పు మానెయ్యమని చెప్పిన వారానికే ఆయన పెరట్లో సముద్రం తవ్వడం మొదలుపెట్టాడు. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదంటాడు. నమ్మడానికి ఆయన భార్య చెవిలో పువ్వు పెట్టుకుని కూర్చోలేదు.

ఆవిడ ఆసుపత్రి క్యాంటీన్లో వంట చేస్తుంది. ఉప్పు తగ్గించమన్న రోగులందరి భోజనాలూ ఆవిడ చేతి మీదుగానే వెళ్తాయి. "కాస్త ఉప్పు విదల్చమ్మా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలిన పెద్దమనిషి మంచం మర్నాటికి ఖాళీగా ఉండడం కళ్లారా చూసింది. అందుకే మొగుడి బీపీ అంకె విన్న రోజునే, ఇంటికొస్తూనే ఉప్పు జాడీ తీసుకెళ్లి పక్కింటి వకీలుగారికి ఇచ్చేసింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఇద్దరికీ ఒకటే కూర, ఒకటే చప్పదనం.

"నాకు బీపీ. నీకేమొచ్చింది?" అన్నాడాయన.

"రెండు గిన్నెలు తోమేదెవరు?" అందావిడ.

గిన్నెల సంగతి ఉత్తమాట. ఆయన ముఖం చిట్లించి ముద్ద మింగుతుంటే ఎదురుగా కూర్చుని రుచిగా తినడానికి ఆవిడకు మనసొప్పలేదు.

ఆయనది గొడుగులు బాగుచేసే కొట్టు. ఎండాకాలమంతా ఈగలు తోలుకోవడమే పని. ఆ తీరికలో ఆవిడ గులాబీల మడి పెకలించి గొయ్యి తవ్వాడు, నల్లటి పట్టా పరిచాడు, మోటారు బిగించాడు. తర్వాత రిక్షాలో బస్తాలు దిగాయి. అన్నీ ఉప్పు బస్తాలే. వంట ఉప్పు పనికిరాదట, సముద్రపు చేపలకు వేరే ఉప్పుంటుందట.

"చిటికెడు ఉప్పు లేకుండా నేను ఇల్లు ఊడిస్తే, మీరు బస్తాలు దించుతారా?"

"నాకా ఏమన్నా? చేపలకి!"

"వాటికి బీపీ రాదా?"

"వాటికి డాక్టరమ్మ చెప్పలేదుగా!"

చేపలు నాలుగు వచ్చాయి. మూడు రంగురంగులవి, బుద్ధిమంతులు. నాలుగోది లావు పెదాలది, పెంకిది. కంటపడిందల్లా కొరుకుతుంది, నచ్చనివాళ్లు దగ్గరికొస్తే గులకరాయి ఉమ్ముతుంది. ఆయన దానికి మేనత్త అని పేరు పెట్టాడు. ఆయన అసలు మేనత్త ఒకసారి చూడ్డానికొచ్చి, ఆ ముఖం చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. పక్కింటి వకీలుగారు మాత్రం రోజూ సాయంత్రం భుజాన తువ్వాలు వేసుకుని ప్రహరీ దగ్గర నిలబడి సముద్రపు గాలి పీల్చుకునేవారు. "ఇవాళ ఆటుపోట్లు ఎన్నింటికండీ?" అని కూడా అడిగేవారు. మోటారు ఎప్పుడు వేస్తే అప్పుడేనని ఆయన జవాబు.

అంతవరకూ ఆవిడ సహించింది. నీళ్లలో ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికని ఆయన చూపుడువేలు ముంచి నాకడం వంటింటి కిటికీలోంచి చూసిన రోజున మాత్రం ఒళ్లు మండిపోయింది. అది చూడడంలా లేదు. కళ్లు మూసుకుని, మెడ వెనక్కి వాల్చి, పసిపిల్లాడు పాలు తాగినట్టు చప్పరిస్తున్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మధ్యలో ఊరికే కొన్నిసార్లు.

ఆవిడ అరవలేదు. నీళ్లలో వదిలితే తేలుతూ ఉప్పెంతుందో చెప్పే గాజు గొట్టం కొనుక్కొచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఇంకో చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది.

"మళ్లీ ఈ నీళ్లు నాలుక్కి తగిలిస్తే నేను చచ్చినంత ఒట్టు. అనండి."

అన్నాడు. సగం మాటే బయటికొచ్చింది. ఆవిడకు నమ్మకం కుదరలేదు. ఆయన నిద్రపోతుంటే వేలు వాసన చూసేది. ఈయన మాట తప్పితే ఏదో ఒక రోజు ఆ ఖాళీ మంచం తన ఇంట్లోనే చూడాల్సొస్తుందని ఆవిడ భయం. ఆ భయంతో ఆవిడకు కంటి మీద కునుకుండేది కాదు.

అలా ఉండగా, ఆవిడకు సెలవున్న రోజు, మధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా వాన దిగింది.

చెరువు మీద కప్పిన టార్పాలిన్ మొదటి గాలికే లేచి వకీలుగారి మేడ ఎక్కింది. ఆయన కొట్టుకు పరుగెత్తి, బాగుచెయ్యమని జనం ఇచ్చిన గొడుగులన్నీ బండి మీద వేసుకొచ్చి, గుంజలు పాతి, వరసగా కట్టేశాడు. వాన మొదలయ్యాక గొడుగులవాళ్లకు గొడుగులు గుర్తురావడం సహజమే కదా. ఒక్కొక్కరే తడుస్తూ వచ్చారు.

"నా నల్ల గొడుగేదండీ?"

"చేపల మీదుంది."

"చేపలు ఎలాగూ తడిసే ఉంటాయి కదయ్యా!"

"మంచినీళ్లలో తడిస్తే చచ్చిపోతాయమ్మా!"

వచ్చినవాళ్లు తడుస్తూనే వెనక్కి వెళ్లారు. ఒకావిడ మాత్రం పట్టుదలగా తన పూల గొడుగు కిందే, చెరువు గట్టున, చాలాసేపు నిలబడింది. మేనత్త రాయి ఉమ్మితే వెళ్లిపోయింది.

గాలి గొడుగులను తిరగేసింది. తిరగబడిన గొడుగు నిండా నీళ్లు పట్టి చెరువులోనే కుమ్మరించడం మొదలుపెట్టింది. ఉప్పునీళ్లు గట్టు దాటి పారిపోతున్నాయి, వాననీళ్లు వచ్చి కూర్చుంటున్నాయి. సముద్రం చప్పబడిపోతోంది. చేపలు అడుక్కి దిగి నోళ్లు తెరుస్తున్నాయి. మేనత్త ఒక పక్కకు ఒరిగిపోయింది. ఒరగబోయే ముందు చివరి పెంకితనంగా నీళ్లలో తేలుతున్న గాజు గొట్టాన్ని పటుక్కున రెండు ముక్కలు చేసింది.

ఆవిడ కిటికీ దగ్గరే ఉంది. ఇన్నాళ్లూ భయపడుతూ వచ్చిన ఘడియ ఇదేనని తెలుసు. ఆయన బకెట్లో ఉప్పు కలిపి సిద్ధం చేసుకున్నాడు. ఎంత పొయ్యాలి? తక్కువైతే చేపలు చస్తాయి, ఎక్కువైనా చస్తాయి. ఆయన చూపుడువేలు నీళ్లలో మునిగింది. పైకి లేచింది. గడ్డం దాకా వచ్చింది.

అక్కడ ఆగిపోయింది.

పెరట్లో ఇంకెవరూ లేరు. నాకినా అడిగేవాడు లేడు. ఆయన ఆ వేలిని కాసేపు చూసి, చొక్కాకు తుడిచేసుకుని, మేనత్త వైపు చూస్తూ భోరుమన్నాడు.

ఆవిడ కొంగు కూడా నెత్తిన వేసుకోకుండా వానలోకి పరుగెత్తింది.

"చూడండి, ఫర్వాలేదు, ఈ ఒక్కసారికి నాకి చూడండి!"

"ఒట్టేశానే! నువ్వు పోతే నాకెవరున్నారు?"

ఆవిడకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియలేదు. క్యాంటీన్లో ఏ వంటా రుచి చూసే అలవాటు లేని మనిషి, చెయ్యే కొలతని గొప్పలు పోయే మనిషి, మోకాళ్ల మీద కూర్చుని వేలు ముంచి నోట్లో పెట్టుకుంది.

"ఎలా ఉండాలి?"

"మింగబోతే గొంతు అడ్డుపడాలి."

"పడట్లేదు. పొయ్యండి."

ఆయన చెంబుతో పోశాడు. ఆవిడ చూసింది. "ఇంకా." పోశాడు. "ఇంకొంచెం." వాన పలచబడింది. బకెట్టు అడుగంటుతుండగా మేనత్త నిటారుగా లేచి, ఇద్దరినీ ఎగాదిగా చూసి, మోటారు వైపు ఈదింది.

"సరిపోయిందా?"

సరిపోయింది. ఆ ఆఖరి చెంబుతోనే సరిపోయింది, ఆవిడకు తెలుసు. కానీ నాలుక మీంచి ఆ ఉప్పు చెంపల్లోకి, దవడల్లోకి పాకుతోంది. నోరంతా ఊరిపోతోంది. ఇన్నాళ్లూ ఆయన దగ్గర తను లాక్కున్నది ఇదా అనుకుంది. తిరిగి ఇవ్వడానికీ లేదు. కన్నీళ్లు ఆగలేదు.

"ఇంకోసారి చూస్తాను" అని వేలు ముంచింది. చప్పరించింది. కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. మళ్లీ ముంచింది.

ఆయన గుటక మింగాడు.

"నిదానంగా చూడు, తొందరేముంది" అని, ఆవిడ వైపు వీపు తిప్పి, గొడుగులు ఒక్కొక్కటే విప్పి మడవడం మొదలుపెట్టాడు.