నిండు పడవకి దారి

ఎనభై ఆరు వరదలో కాలవ లాకు తలుపు ఊడిపోకుండా మూడు గంటలసేపు దానికి వీపు ఆనించి నిలబడ్డాను. నీళ్లు దిగాక ఇంటికెళ్లి చొక్కా విప్పితే జేబులోంచి పులస ఒకటి కిందపడింది. మా ఆవిడ సంపూర్ణమ్మ దాన్ని పులుసు పెట్టి, ముక్క తను తిని, ముల్లు నాకు వేసింది. ఈ సంగతి పాలకొల్లులో ఎవరికి చెప్పినా నవ్వారే తప్ప నమ్మినవాడు లేడు. అలాంటి నన్ను తీసుకెళ్లి, దేశదేశాల ఆటగాళ్ల నిజాయితీ తేల్చే కుర్చీలో కూర్చోబెట్టాడు అశోక్.

అశోక్‌ది కాలవగట్టు మీద నెట్ సెంటరు. పది కంప్యూటర్లు, మధ్య మధ్య చెక్క అడ్డాలు, ఒక ఏసీ. రెండువేల ఆరు ఎండాకాలంలో నేను ఆ ఏసీ కోసమే అక్కడ చేరాను. అతను ఏటి పందెం అనే పడవల ఆటకి ఇంటర్నెట్‌లో లీడర్‌బోర్డు నడిపేవాడు. ఆటలో ఒక ఏరు ఉంటుంది. చిన్న పడవనెక్కి కొండల దగ్గర బయల్దేరి సముద్రం దాకా నడపాలి. ఎవరు ఎంతసేపట్లో చేరితే ఆ టైము వాళ్ల పేరు పక్కన బోర్డెక్కుతుంది. అప్పటికి ఆరువందల పన్నెండు పేర్లు. బ్రెజిల్ వాడు పైకి పోతే భీమవరం వాడు కిందికి దిగుతాడు.

ఊరికే టైము చెబితే కుదరదు. రీప్లే పంపాలి. అంటే వాళ్లు ఆడిన ఆట ఆడినట్టు మళ్లీ మన కళ్లముందు నడిచే ఫైలు. అది చూసి, ఇది చేత్తో ఆడిందా, దొంగ సాఫ్ట్‌వేరు ఆడిందా అని చెప్పేవాణ్ణి మోడరేటర్ అంటారు. జెరాక్సులూ పరీక్షల రిజల్టులూ అంటూ అశోక్‌కి తీరిక లేదు.

"అబద్ధం ఎలా అల్లుతారో మీకు తెలిసినంతగా ఈ జిల్లాలో ఎవరికీ తెలీదండి. మీరే చూడండి," అన్నాడు.

పొగడ్త అనుకుని ఒప్పుకున్నాను.

నిజానికి నాకది పాత పనే. ముప్పై రెండేళ్లు లాకు దగ్గర పడవలకి తలుపులు తీసే లస్కరుగా, గంటగంటకీ గేజి రాయి మీద నీటిమట్టం చూసి పుస్తకంలో రాశాను. నోటితో ఎన్ని పులసల్ని పట్టినా ఆ పుస్తకంలో అంగుళం ఎక్కువ రాయలేదు. అంగుళం తప్పితే కింద పది ఊళ్ల నారుమళ్లు మునుగుతాయి. బోర్డూ అంతే, నీళ్లే వేరు.

మధ్యాహ్నం రెండింటికి నాకని వదిలిన మూల కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. తెరమీద ఏరు పారుతుండేది. ఏసీ చప్పుడు లాకు కింద నీళ్ల చప్పుడులా ఉండేది. కాసేపటికి కుర్చీ మెల్లిగా ఊగేది. ఎక్కడివాళ్లో, ఏ భాషవాళ్లో, ఒకరి తర్వాత ఒకరు నా ముందునుంచి పడవలు నడుపుకుంటూ పోయేవారు. నేను వాళ్లకి తలుపులు తీస్తున్నట్టే ఉండేది.

ఇలా ఉండగా ప్రిస్కిల్లా ఫిర్యాదు వచ్చింది. అంటే ఆవిడ మీద ఫిర్యాదు.

ప్రిస్కిల్లా ఊళ్లోనే ఒక బడిలో నాలుగో క్లాసుకి లెక్కల టీచరు. సాయంత్రం బడి వదిలాక గంటసేపు వచ్చి ఆడుకుని వెళ్లేది. ఒక మంగళవారం ఆవిడ నాలుగు నిమిషాల పదకొండు సెకన్లలో ఏరు దాటి బోర్డుకి మొదట నిలిచింది. ఎనిమిది నెలలుగా మొదట ఉన్న భీమవరం సత్తిరాజు టైము నాలుగు పదమూడు. అతను రెండో చోటుకి దిగాడు. దిగినవాడు ఊరుకుంటాడా, ఇది దొంగాట అని రాశాడు. మూడో మలుపు దగ్గర పడవ తొమ్మిది సెకన్లు గట్టున ఆగి ఉంది, ఆగిన పడవ మొదట ఎలా వస్తుంది, రీప్లే కత్తిరించి అతికించారు అన్నది అతని వాదన. ఆదివారంలోగా తేల్చమన్నాడు.

దొంగాటని తేలితే ఏమవుతుందో అశోక్ పెట్టిన రూలు చెబుతుంది. దొంగాట ఆడినవాళ్ల పేరు తీసెయ్యరు. పక్కన ఎర్ర అక్షరాలతో మోసం అని రాసి, అలాగే ఎప్పటికీ ఉంచుతారు.

మర్నాడు ప్రిస్కిల్లా నా దగ్గరికొచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పేరు తీసేస్తే తీసేయండి తాతగారూ. ఆ ఎర్రమాట మాత్రం రాయకండి. మా క్లాసు పిల్లలు రోజూ ఇక్కడికొచ్చి ఆ బోర్డు చూస్తారండి. రేపు నేను ఎక్కం తప్పని ఎవర్ని కొట్టను?"

నేను మాట ఇవ్వలేదు. గేజి చూడకుండా మట్టం చెప్పే అలవాటు నాకు లేదు. ఆవిడ వెళ్లాక రీప్లే పెట్టుకున్నాను.

మూడో మలుపు దగ్గరికి మన పడవ రాగానే పక్క కాలవలోంచి ఒక గడ్డిపడవ ఏట్లోకి వస్తుంది. నిండా గడ్డి, చుక్కాని దగ్గర మనిషి కూడా కనబడడు. ప్రపంచంలో ఎవడైనా దానికంటే ముందు దూరిపోవాలనే చూస్తాడు. దూరాక పెద్ద సుడి ఉంటుంది. అందులో పడి గింగిరాలు తిరిగి పద్నాలుగు సెకన్లు పోగొట్టుకుంటాడు. ఆ పద్నాలుగూ ఆటలో భాగమే అనుకున్నారు అందరూ. ప్రిస్కిల్లా పడవ గట్టుకి జరిగి ఆగింది. గడ్డిపడవ నెమ్మదిగా ముందుకు పోయింది. ఆ బరువుకి సుడి అణిగి, వెనకాల నీళ్లు నూనె పోసినట్టు నున్నగా పరుచుకున్నాయి. ఆ నున్నటి దారిలో ఆవిడ పడవ తెడ్డు వెయ్యకుండానే జారిపోయింది.

ఆ నున్నటి దారి నేను చూసి ఇరవై ఏళ్లయింది. నరసాపురం కాలవలో నిండు పడవ వస్తుంటే ఖాళీ పడవ గట్టుకి జరగాలి. అది రూలు కాదు, ఎక్కడా రాసి లేదు. జరిగినవాడికి ఆ వెనక దారి దక్కేది.

సాయంత్రం అడిగాను, ఎందుకు ఆగావమ్మా అని.

"బరువుతో వస్తుంది కదండి, దారివ్వాలి కదా," అంది.

"బొమ్మపడవకి బరువేంటి?"

"ఏమోనండి. చెయ్యి ఆగిపోయింది. మా తాతయ్య ముసలయ్యగారు గట్టుమీంచి తాడుతో పడవలు లాగేవారండి. చిన్నప్పుడు ఆయన భుజం మీద తాడు మచ్చ తడుముతూ నిద్రపోయేదాన్ని."

ముసలయ్య నాకు తెలుసు. నా లాకు గుండా కొన్ని వేలసార్లు వెళ్లాడు. ఇప్పుడు ఆయన మనవరాలు నా బోర్డు గుండా వెళుతోంది.

నాకు తెలిసిపోతే చాలదు. అనుమానం వచ్చినప్పుడు అదే కిటుకు ఇంకొకరి చేత్తో, ఫిర్యాదు చేసినవాడి ముందు ఆడి చూపించాలి. ముద్దాయి ఆడితే చెల్లదు. అశోక్ ఆడతానన్నాడుగాని సెంటరు అతనిదే, నలుగురూ ఏమంటారో అని వద్దన్నాను. ఇక మిగిలింది నేను.

ఆదివారం చర్చి నుంచి ప్రిస్కిల్లా తెల్లచీరతో తిన్నగా వచ్చింది. భీమవరం నుంచి సత్తిరాజు బస్సులో వచ్చాడు. మంచి కుర్రాడే, పాతికేళ్లుంటాయి, మీసం మాత్రం యాభైది. ముందు అతన్నే ఆగి చూడమన్నాను.

"నేను ఆగనండి. ఆగి గెలవడమేంటండి? బస్సు కూడా ఆగితే లేటే కదండి."

"ఆగింది కాబట్టే కదా నువ్వెక్కావు," అన్నాను.

నేను కుర్చీలో సర్దుకుంటుంటే వెనకనుంచి, అది కీబోర్డండి తాతగారూ, పడవ గెడ కాదు, అన్నాడు. నవ్వుకోనిచ్చాను.

కొండల దగ్గర బయల్దేరాను. రెండుసార్లు రాళ్లకి కొట్టుకున్నాను, ఒకసారి వెనక్కి నడిపాను. మూడో మలుపు వచ్చింది, గడ్డిపడవ వచ్చింది. గట్టుకి జరిగాను. మనిషి లేని ఆ పడవ నా పక్కనుంచి పోతుంటే తడిగడ్డి వాసన వచ్చింది. దాని వెనకాల దారి తెల్లగా పరుచుకుంది. నేను వేళ్లు ఎత్తేశాను. పడవ దానంతటదే వెళ్లింది.

ఆట ప్రతి మలుపు టైమూ విడిగా చూపిస్తుంది. ఆ మలుపులో సత్తిరాజుకి నలభై సెకన్లు, ప్రిస్కిల్లాకి ముప్పై అయిదు. నాకు ముప్పై ఆరు. మిగతా ఏరంతా ఆవిడ సత్తిరాజు కంటే మూడు సెకన్లు నెమ్మదే. లెక్క కుదిరింది. వెనక సత్తిరాజు వేళ్లమీద మళ్లీ లెక్కేసుకున్నాడు.

అక్కడితో లేవచ్చు. లేవలేదు. నాలుగో మలుపు దాటాక ఎడమవైపు పొగమంచులో ఒక లాకు ఉంది. బొమ్మలోదే, ఊరికే అందానికి గీసింది, తలుపులెప్పుడూ మూసే ఉంటాయని అశోక్ చెప్పాడు. దాని ముందు పడవ ఆపి ఎదురుచూశాను. ముప్పై రెండేళ్లు తీసినవాణ్ణి, ఒక్కసారి నాకెవరైనా తీస్తారేమోనని. వెనక వాళ్లు పిలిచారో లేదో తెలియదు. ఏసీ చప్పుడు నీళ్ల చప్పుడయింది. గేజి రాయి కనబడింది, నా చేతిరాత కనబడింది. అప్పుడు తలుపులు రెండూ మెల్లిగా తెరుచుకున్నాయి. అవతల వెలుతురులో నిండు పడవలు వరసగా నిలబడి, ఈసారి నాకోసం గట్టుకి జరిగి ఉన్నాయి.

సముద్రం చేరేసరికి నలభై ఒక్క నిమిషాలు.

ముందు తీర్పు చెప్పాను, అశోక్ టైపు చేశాడు. ప్రిస్కిల్లా ఆట నిజం, ఆవిడ మాట నిజం, మొదటి చోటు ఆవిడదే. సత్తిరాజు చదివి, సబబేనండి అన్నాడు. మోసం అన్నందుకు ఏమనుకోవద్దని ప్రిస్కిల్లాతో మెల్లిగా చెప్పాడు. ఆవిడ చీరచెంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

రూలు అందరికీ రూలే కదా, బోర్డెక్కించేముందు నా రీప్లే కూడా చూడాలన్నారు. లాకు దగ్గర అరగంటసేపు తెరంతా మంచే. తలుపులు మూసే ఉన్నాయండి, మీరు గురక పెట్టారు, అన్నాడు అశోక్. సత్తిరాజూ గురక విన్నానన్నాడు. తెరుచుకున్నాయన్నాను నేను. అశోక్ నా పులస కథ ఎత్తాడు, ఇద్దరూ నవ్వారు.

ప్రిస్కిల్లా మాత్రం తెరకి దగ్గరగా వంగి ఆ మంచులోకి చాలాసేపు చూసింది.

"తెరుచుకున్నాయండి," అంది.

ఇద్దరూ నవ్వు ఆపారు. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదని గంట క్రితమే తీర్పు రాసి బోర్డు మీద పెట్టాం. సత్తిరాజు కూడా సబబే అన్నాడు.

ఆరువందల పదమూడో పేరు, అన్నిటికన్నా కిందది, నాది. ఆవిడది అన్నిటికన్నా పైన.