ఆకు కొసన ఊరగాయ

ఎదురుగా వచ్చే మనుషులతో ఆదికేశవులుకు పేచీ లేదు. ఎడమపక్క నుంచి వచ్చేవాళ్లతోనే. ఉప్పళంలో ఇంటి నుంచి పెద్ద మార్కెట్టులో తన అరటి గెలల కొట్టుకు నడిచి వచ్చే దారిలో, ఎడమపక్క ఎవడో ఒకడు నేలలోంచి పుట్టుకొచ్చినట్టు వచ్చి గుద్దుకునేవాడు. ఆదికేశవులు తిట్టేవాడు. వాడూ తిట్టేవాడు. పొద్దున్నే తాగొచ్చినాడని మార్కెట్టంతా అనుకునేది. ఆయన జన్మలో సారా ముట్టలేదు. ఆ సంగతి అడిగే ఓపిక ఎవడికుంది?

అప్పటికే ఎడమకన్ను పోయింది. మొదట మసక, తర్వాత చీకటి. పక్కనే తమలపాకుల కొట్టు పెట్టుకున్న అన్న రంగనాథం మొదట్లోనే తేల్చేశాడు.

"పొర ఒచ్చిందిరా. నాయనకు రాలా? అది పండాల. పండినాక కోస్తారు. పచ్చిగా ఉండంగానే పోతే డాక్టరు తిట్టి పంపిస్తాడు."

పండడమంటే ఆదికేశవులుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పుట్టింది మొదలు ఆయన బతుకంతా పచ్చి గెలల్ని పొగగదిలో పెట్టి, పండేదాకా కాచుకోవడమే. కాబట్టి కంటి కోసం కూడా కాచుకున్నాడు. వాళ్ల నాయనా అలాగే కాచుకున్నాడు. కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, రెండు కళ్లూ పండుతాయని చూస్తూ చూస్తూ, చివరికి నలుగురి భుజాల మీద వెళ్లాడు. కళ్లు మాత్రం పండలేదు.

అరటి వ్యాపారి ఇంట్లో కంచాలకు పనేముంది? మూడు పూటలా ఆకులోనే భోజనం. ఆకు కొస ఎడమపక్కకు వచ్చేలా పరిచి, ఆ కొసన ఉప్పూ ఊరగాయా వెయ్యడం ఆయన భార్య విశాలాక్షికి అలవాటు. ఒకరోజు ఆదికేశవులు అన్నం కలుపుకుంటూ కసురుకున్నాడు.

"ఏంది, ఊరగాయ వెయ్యను గూడా చెయ్యాడలేదా?"

ఊరగాయ ఆకు కొసన నిగనిగలాడుతూనే ఉంది. విశాలాక్షి దాన్ని వేలితో కాస్త నడిమికి జరిపింది. అప్పుడు కనిపించింది ఆయనకు. కొన్నాళ్లకు అక్కడ వేసినా కనిపించలేదు. ఇంకాస్త జరిపింది. అట్లా ఒక వేసవి నుంచి మరో వేసవికి, ఆకు కొసన ఉండాల్సిన ఊరగాయ అన్నం కుప్పను ఆనుకుంది.

"మీ ఊరగాయ ఎంత దూరం నడిచొచ్చిందో తెలుసునా?" అంది ఆమె ఒక మధ్యాహ్నం.

"ఊరగాయ నడిచేదేందే, పిచ్చిదానా."

"అది నడస్తా ఉండాదంటే మీ కుడికన్ను గూడా పోతా ఉండాదని. లేవండి. ఆసుపత్రికి పోదాం."

"పండనీ..."

"ఎడమది పండిందా? లేవండి."

పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. దీపం వేసి కంట్లోకి చూసింది. మందు చుక్కలేసి, కనుగుడ్డు మీద ఏదో బరువు ఆనించి కొలిచింది. పొర లేదని ఆ ఊరి తమిళంలో తేల్చి చెప్పింది. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి మూసుకుపోయింది, లోపల ఒత్తిడి పెరిగింది అంది. కంటి వెనక తెరలో చూపును పట్టే నరాల కణాలు లక్షల్లో ఉంటాయట. ఒక్కో దాని నుంచి ఒక్కో పోగు బయల్దేరి, పోగులన్నీ ఒక కట్టగా కలిసి మెదడుకు పోతాయట. ఒత్తిడికి ఆ కట్ట మొదట్లో నలుగుతుంది. నలిగిన పోగుల తాలూకు కణాలు ఒకటొకటే చచ్చిపోతాయి. పక్కచూపును పట్టేవి ముందు పోతాయి, నడిమివి ఆఖరుకు. అందుకే మనిషికి తెలిసిరాదు అంది.

ఆదికేశవులు తనకు తెలిసిన లెక్కలో అడిగాడు.

"గెల కాడ నలిగినట్టా అమ్మా?"

"ఏ కాడ?"

"లారీలో బరువు పడి కాడ నలుగుతాదే. పైకి గెల నున్నగానే ఉంటాది. కొసనున్న కాయలు ముందు వాడిపోతాయి."

డాక్టరు కాస్త ఆలోచించి, అట్లాగే అనుకోమంది. అలాంటి గెలను పొగగదిలో పెడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. పండదు. ఎండుతుంది. ఎడమకన్నును తనే ఇన్నేళ్లూ పొగగదిలో పెట్టి కాచుకున్నాడు.

"ఎండినవి మళ్లీ రావు. మిగిలినవాటిని నిలబెట్టడానికి ప్రయత్నిస్తాను," అంది డాక్టరు. కొన్నాళ్లు చుక్కలు వేసినా ఒత్తిడి దిగలేదు. ఇక ఆపరేషన్ చేసి నీటికి తూము తియ్యాలంది.

సంగతి తెలిసి మార్కెట్టు పగలబడి నవ్వింది. రంగనాథం తమలపాకుల బుట్ట తోసేసి వచ్చాడు.

"ఉండేది ఒక్క కన్ను. దాన్నీ కత్తికిస్తావా? పచ్చికాయను కోసేది యాడన్నా ఉందా?"

"ఇది పండేది కాదన్నా. ఎండేది."

"డాక్టరమ్మ నీకు బాగా మంత్రమేసింది పో."

ఆపరేషన్ అయి కట్టు విప్పినాక ఆదికేశవులుకు కొత్తగా ఏమీ కనిపించలేదు. కనిపించదని డాక్టరు ముందే చెప్పింది. "మరేం లాభం?" అని అడిగారు అందరూ. జవాబు ఇంట్లో ఆకు మీద ఉంది. విశాలాక్షి ఊరగాయను అన్నం పక్కనే వేసేది. అది అక్కడే కనిపించింది. వానలు వెళ్లాయి, ఎండలు వచ్చాయి, ఇంకా అక్కడే కనిపించింది. ఊరగాయ నడక మానేసింది. ఆదికేశవులు చుక్కలు మానలేదు. ఎడమపక్కకు కోడిలా తల తిప్పి చూడటం నేర్చుకున్నాడు. గెలను చూడగానే ఎన్నాళ్లకు పండుతుందో చెప్పేవాడు.

కొన్నేళ్లకు, పంతొమ్మిది వందల ఎనభై ఆరులో, రంగనాథం షష్టిపూర్తి వచ్చింది. నెల్లితోపులో ఇంటి ముందు పందిరేసి, ఆకులు పరిచారు. అన్నదమ్ములు పక్కపక్కన కూర్చున్నారు. ఆదికేశవులు అలవాటుగా తల తిప్పి తన ఆకు కొసను చూసుకున్నాడు. అంతలో రంగనాథం గొంతు లేచింది.

"ఒరే కుప్పా, నాకు ఊరగాయ వెయ్యకుండా పోతావేందిరా? పండగ నాదా, నీదా?"

"ఏసినానే పెద్దాయనా," అన్నాడు వడ్డించే కుప్పన్.

ఊరగాయ ఆకు కొసన ఉంది. ఎదురు వరుసలో నెయ్యి వడ్డిస్తున్న విశాలాక్షి చెయ్యి ఆగిపోయింది. మొగుడి వంక చూసింది.

మార్కెట్టు నవ్విన నవ్వంతా ఆదికేశవులు గొంతులోకి వచ్చింది. అది కక్కడానికి ఇంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. అన్న ఆకులోని ఊరగాయ మీద వేలు పెట్టాడు.

"నేరుగా ముందుకు చూడు. ఎప్పుడు కనపడతాదో చెప్పన్నా."

మెల్లగా నడిమికి లాగుతూ వచ్చాడు. కొసకూ అన్నానికీ నడుమ సగం దూరం దాటింది.

"ఏంది ఈ ఆట... ఆఁ, ఇప్పుడు ఒచ్చింది," అన్నాడు రంగనాథం. అని, ఆకు మీద కొసదాకా సాగిన ఎర్రటి గీత వంక తల తిప్పి చూశాడు. చేతిలో ముద్దను ఆకులో పెట్టేశాడు. మెల్లగా అడిగాడు.

"పొరేనంటావా?"

"పొరా లేదు, పండేదీ లేదు. పొద్దున్నే పోతా ఉండాం."

పొద్దున రిక్షాలో రంగనాథం ఎడమపక్క ఎక్కబోతే ఆదికేశవులు దించేశాడు. "ఆ పక్క కూర్చుంటే నువ్వు నాకు కనపడవు. కుడిపక్కకు రా." పుట్టినప్పటినుంచీ తమ్ముడికి దారి చెబుతూ వచ్చిన మనిషి, చుట్టూ తిరిగొచ్చి కూర్చున్నాడు.

ఎడమకన్ను చాలామటుకు ఎండిపోయిందనీ, కుడికంటికి ఇప్పుడిప్పుడే మొదలైందనీ, సమయానికే తెచ్చారనీ డాక్టరు చెప్పింది. చుక్కలు రాసిచ్చింది. రిక్షా తిన్నగా మార్కెట్టుకే వచ్చింది. ఏమైందని అందరూ మూగారు. వాళ్లలో ఆనాడు నవ్వినవాళ్లే ఎక్కువ.

రంగనాథం రిక్షా దిగకుండానే చెప్పాడు.

"ఇది పండేది కాదంట్రా. ఎండేది. మా తమ్ముడు అప్పుడే చెప్పినాడు."

ఆదికేశవులు చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇంకోసారి చెప్పన్నా. సరిగా వినపళ్ళా."

"నీకు పోయింది కన్ను గదరా, చెవి కాదే," అన్నాడు రంగనాథం. అని, తమలపాకుల కొట్ల నుంచి చేపల కొట్ల దాకా వినబడేలా గొంతెత్తి ఇంకోసారి చెప్పాడు.